బ్లిట్జ్ చదరంగంలో రిస్కీ గ్యాంబిట్లు ఆడటం ఎలా: ఎర వేసే ముందు, వేశాక, అవతలివాళ్ళు తినకపోతే

"అన్నా, స్టాఫర్డ్ వేశాను. అతను బిషప్‌ను జీ5కి తీయలేదు. ఇప్పుడేం చేయాల?"

స్టాఫర్డ్ ఒక గ్యాంబిట్, అంటే ఆట మొదట్లోనే కావాలని బంటునో పావునో ఎరగా ఇచ్చే ఆరంభం (ఓపెనింగ్). నెల్లూరు నుంచి ఫోన్ చేసే ఇంటర్ పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే. ఒంగోలులో మా వీధి టీ బంకు దగ్గర రాత్రి ఎనిమిది దాటాక బోర్డు, గడియారం పెట్టుకుని కూర్చునే మా నలుగురైదుగురిలోనూ ఇద్దరికి ఇదే సందేహం. వీడియోలో ఉచ్చు చూస్తారు, రెండు ఆటలు గెలుస్తారు, మూడో ఆటలో అవతలి ఆటగాడు ఎర ముట్టుకోడు. అక్కడి నుంచి ఏం ఆడాలో తెలియక టెన్షన్ మొదలవుతుంది, గడియారం కరిగిపోతుంది.

అందుకే ఇక్కడ ఉచ్చుల పట్టిక ఇవ్వడం లేదు. ఎంచుకోవడం, సిద్ధం కావడం, టైమ్ వాడుకోవడం, ఎర పారనప్పుడు నిలబడటం ఎలాగో చెబుతాను. ఉదాహరణకు నాలుగు గ్యాంబిట్లు తీసుకున్నాను.

గడుల పేర్లు: నిలువు వరుసలు ఎడమ నుంచి ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్, జీ, హెచ్. అడ్డ వరుసలు తెల్లవైపు నుంచి 1 మొదలుకుని 8 వరకు. మంత్రి అంటే క్వీన్, ఏనుగు అంటే రూక్. బిషప్‌ను కొందరు ఒంటె అంటారు, కొందరు శకటు అంటారు, నేను బిషప్ అనే రాస్తాను. ప్రతి జతలో మొదటిది తెల్ల ఎత్తు, రెండోది నల్ల ఎత్తు. పావు పేరు లేకుండా గడి పేరే ఉంటే అది బంటు ఎత్తు.

## 1. మీరు ఆడే టైమ్‌కు ఇది పనికొస్తుందా?

తప్పుడు గ్యాంబిట్ అంటే, ప్రత్యర్థి సరైన జవాబులన్నీ ఆడితే మీరు బంటో గుర్రమో నష్టపోయి మిగిలిపోయే ఓపెనింగ్. అయితే ఆ సరైన జవాబులు వెతకడానికి అతనికి టైమ్ కావాలి. మీరు బంటు ఇచ్చి అతని టైమ్ కొంటున్నారు. అతని దగ్గర టైమ్ పుష్కలంగా ఉంటే మీ బంటు ఊరికే పోయినట్టే.

ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) నిబంధనల ప్రకారం ఒక్కో ఆటగాడికి 10 నిమిషాలు, అంతకంటే తక్కువ ఉంటే అది బ్లిట్జ్. కానీ గ్యాంబిట్ ఆడేవాళ్ళకు ఆ పది నిమిషాల లోపల చాలా తేడాలున్నాయి.

• 1 నిమిషం: దాదాపు ఏదైనా నడుస్తుంది.
• 3 నిమిషాలు, ఇంక్రిమెంట్ (ప్రతి ఎత్తుకు కలిసే అదనపు సెకన్లు) లేకుండా: ఈ గ్యాంబిట్లకు సరైన చోటు ఇదే.
• 3 నిమిషాలు, ఎత్తుకు 2 సెకన్లు: ఆడొచ్చు, కానీ జాగ్రత్త. చివర్లో ప్రత్యర్థి ఆ రెండు సెకన్ల మీద బతికేస్తాడు. బంటు తక్కువతో ఎండ్‌గేమ్‌కు (పావులు తగ్గిన చివరి దశకు) వెళ్తే మీకు కష్టం.
• 5 నిమిషాలు: కాస్త గట్టి గ్యాంబిట్లు మాత్రమే.
• 10 నిమిషాలు, ఆపైన: ఎంగ్లుండ్, స్టాఫర్డ్ లాంటివి పక్కన పెట్టండి.

జిల్లా సెలెక్షన్లకు వెళ్ళే పిల్లల తల్లిదండ్రులు నన్ను అడిగినప్పుడు ఒకటే చెబుతాను: పెద్ద టైమ్ ఆటలకు వేరే ఓపెనింగ్ నేర్పించండి, రెండూ కలపొద్దు.

## 2. ఎన్ని నేర్చుకోవాలి, ఏవి?

మూడు చాలు. తెల్లతో ఒకటి, నల్లతో ఈ4కు జవాబుగా ఒకటి, డీ4కు జవాబుగా ఒకటి. నేను సూచించేవి ఇవి:

• నల్లతో, తెల్ల డీ4 ఆడితే: ఎంగ్లుండ్ గ్యాంబిట్.
• నల్లతో, తెల్ల ఈ4 ఆడితే: స్టాఫర్డ్ గ్యాంబిట్.
• తెల్లతో: బ్లాక్‌మర్-డీమర్ గ్యాంబిట్. ఈ4తోనే మొదలుపెట్టే అలవాటున్నవాళ్ళకు టెనిసన్.

ఎలిఫెంట్ గ్యాంబిట్ అనే మరొకటి ఉంది (1. ఈ4 – ఈ5, 2. గుర్రం ఎఫ్3 – డీ5). పేరు చూసి అందులో ఏనుగును ఇస్తారనుకుని అడిగినవాళ్ళున్నారు. అక్కడ ఇచ్చేది బంటే. లాత్వియన్, హాలోవీన్ కూడా సరదాగా ఉంటాయి. హాలోవీన్‌లో నాలుగో ఎత్తుకే గుర్రాన్ని ఇచ్చేస్తారు. మొదట నేర్చుకునేవాళ్ళు దాని జోలికి వెళ్ళొద్దు. బంటు తగ్గితే ఇంకా ఆట ఉంటుంది, గుర్రం తగ్గాక దాడి ఆగిందంటే చేతిలో ఏమీ మిగలదు.

## 3. ముందు విరుగుడు నేర్చుకోండి

చాలామంది ఉచ్చు దగ్గర మొదలుపెడతారు. ఈ క్రమాన్ని తిరగేయాలి. ఏ గ్యాంబిట్‌కైనా మొదట "దీన్ని ఓడించే సరైన జవాబు ఏమిటి?" అని వెతకండి. అది ఆడినప్పుడు కూడా మీ దగ్గర ఒక ప్లాన్ ఉంటేనే ఆ గ్యాంబిట్‌ను జేబులో పెట్టుకోండి.

చేయాల్సిన వరుస:

1. లిచెస్ అనే చదరంగం సైటులో ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్ తెరవండి. లిచెస్ డేటాబేస్ ఎంచుకుని, బ్లిట్జ్ మాత్రమే ఉంచి, రేటింగ్‌ను మీ స్థాయికి దగ్గరగా పెట్టండి. మీలాంటివాళ్ళు నిజంగా ఏ ఎత్తు ఎక్కువగా వేస్తున్నారో కనిపిస్తుంది.
2. ఎక్కువగా వచ్చే మూడు జవాబులు నోట్‌బుక్‌లో రాసుకోండి.
3. స్టాక్‌ఫిష్ (ఎత్తులు లెక్కగట్టే చదరంగం ఇంజిన్) ఆన్ చేసి, అది చూపించే అత్యుత్తమ జవాబును నాలుగోదిగా రాయండి. అదే మీ విరుగుడు వరుస.
4. ఆ వరుసలో మీ వైపు ఐదు ఎత్తులు రాయండి. గెలిచే ఎత్తులు దొరకవు. ఓడిపోకుండా పావులు బయటికి వచ్చే ఎత్తులైతే చాలు.
5. ఆ తర్వాతే ఉచ్చులు చూడండి.

ఇంజిన్‌ను ఇలా ఇంట్లో సిద్ధమయ్యేటప్పుడు మాత్రమే వాడాలి. ఆట నడుస్తుండగా వాడితే అది మోసం, అకౌంట్ మూసేస్తారు.

## 4. ఎంగ్లుండ్ గ్యాంబిట్, అడుగడుగునా

1. డీ4 – ఈ5
2. బంటుతో ఈ5 కొట్టు – గుర్రం సీ6
3. గుర్రం ఎఫ్3 – మంత్రి ఈ7

మంత్రి ఈ7కి రావడంతో ఎఫ్8 బిషప్‌కు దారి మూసుకుపోతుంది. చూడటానికి వికారంగా ఉన్నా కారణం ఉంది. తెల్ల ఆటగాడు ఈ5 బంటును కాపాడుకోవాలని సహజంగానే బిషప్ ఎఫ్4 వేస్తాడు.

4. బిషప్ ఎఫ్4 – మంత్రి బీ4, చెక్

ఈ ఒక్క ఎత్తుతో రాజు, ఎఫ్4 బిషప్, బీ2 బంటు మూడూ దెబ్బలో పడతాయి. చెక్ ఆపడానికి తెల్ల గుర్రాన్ని సీ3కి తెస్తే మంత్రి ఎఫ్4 బిషప్‌ను ఊరికే తీసుకుంటుంది. అందుకే బిషప్ వెనక్కి డీ2కి రావాలి.

5. బిషప్ డీ2 – మంత్రితో బీ2 కొట్టు

ఇప్పుడు తెల్లకు మంత్రిని తరమాలనిపిస్తుంది. బిషప్ సీ3 వేస్తే పని అయిపోయినట్టే.

6. బిషప్ సీ3 – బిషప్ బీ4!
7. మంత్రి డీ2 – బిషప్‌తో సీ3 కొట్టు
8. మంత్రితో సీ3 కొట్టు – మంత్రి సీ1, చెక్‌మేట్

ఎనిమిదో ఎత్తులో మంత్రితో కాకుండా గుర్రంతో కొడితే మీ మంత్రి ఏ1 ఏనుగును మింగుతుంది.

ఇక విరుగుడు. ఆరో ఎత్తులో తెల్ల బిషప్‌కు బదులు గుర్రాన్ని సీ3కి తెస్తే ఉచ్చు లేదు. మీరు బిషప్ బీ4 వేస్తే ఏనుగు బీ1కి వచ్చి మంత్రిని తరుముతుంది, మీరు ఏ3కి వెళ్తే ఏనుగు బీ3కి వచ్చి మళ్ళీ తరుముతుంది. అప్పుడు ఏ5కి వచ్చి, రెండో గుర్రాన్ని ఈ7కి తెచ్చి, వెంటనే పొట్టి క్యాస్లింగ్ (రాజు, హెచ్ వైపు ఏనుగు ఒకే ఎత్తులో కదలడం) చేయండి. నల్ల పరిస్థితి బాగోదు, అది నిజం. కానీ మంత్రి ప్రాణంతో ఉండి రాజు కోటలోకి చేరితే 3 నిమిషాల ఆటలో ఇంకా పోరాడొచ్చు.

ప్రత్యర్థి అయిదు, ఆరు ఎత్తులను సెకను కూడా ఆలోచించకుండా వేస్తున్నాడంటే ఈ దారి అతనికి తెలుసు. అతనితో మళ్ళీ ఆడితే ఎంగ్లుండ్ వద్దు.

ఇంకో ముఖ్యమైన మాట ప్రీమూవ్ గురించి, అంటే ప్రత్యర్థి ఆడకముందే మన ఎత్తు పెట్టేయడం. ఫోన్‌లో ఆడేవాళ్ళు నాలుగో ఎత్తుగా మంత్రి బీ4ను ముందే పెట్టేస్తారు. తెల్ల బిషప్ ఎఫ్4కు బదులు ఏ3 బంటును జరిపితే? మీ మంత్రి వెళ్ళి ఆ బంటు నోట్లో పడుతుంది. ఈ ఒక్క తప్పుతో పోయిన ఆటలు మా బంకు దగ్గరే ఎన్నో చూశాను. మూడో ఎత్తు వరకు త్వరగా వేయండి, నాలుగో ఎత్తు చూసి వేయండి.

## 5. స్టాఫర్డ్ గ్యాంబిట్, అడుగడుగునా

1. ఈ4 – ఈ5
2. గుర్రం ఎఫ్3 – గుర్రం ఎఫ్6
3. గుర్రంతో ఈ5 కొట్టు – గుర్రం సీ6
4. గుర్రంతో సీ6 కొట్టు – డీ బంటుతో సీ6 కొట్టు

మీకు ఒక బంటు తక్కువ. బదులుగా రెండు బిషప్‌లకూ దారి తెరుచుకుంది, డీ ఫైలు (నిలువు వరుస) మంత్రికి దొరికింది. తెల్ల వైపు బయటికి వచ్చిన పావు ఒక్కటీ లేదు. తర్వాత మీ మొదటి ఎత్తు దాదాపు ఎప్పుడూ బిషప్ సీ5. ఎఫ్2 గడి మీదే మీ చూపంతా ఉండాలి.

ఎక్కువగా వచ్చే మూడు దారులు:

దారి ఒకటి. 5. డీ3 – బిషప్ సీ5, 6. బిషప్ జీ5. గుర్రం మంత్రికి పిన్ అయిందని, అంటే అది కదిలితే వెనకున్న మంత్రి పోతుందని అనుకుని తెల్ల నిశ్చింతగా ఉంటాడు. మీరు గుర్రంతో ఈ4 కొట్టండి. అతను బిషప్‌తో మీ మంత్రిని తీసుకుంటే (7. బిషప్‌తో డీ8 కొట్టు) మీరు బిషప్‌తో ఎఫ్2 కొట్టి చెక్, రాజు ఈ2కి తప్ప వెళ్ళలేడు, రెండో బిషప్ జీ4కి వస్తే చెక్‌మేట్. మంత్రిని వదిలేసి గుర్రాన్ని కొడితే (7. డీ బంటుతో ఈ4 కొట్టు) బిషప్‌తో ఎఫ్2 కొట్టి చెక్ ఇవ్వండి, తెల్ల మంత్రి పోతుంది.

దారి రెండు. 5. ఈ5 – గుర్రం ఈ4, 6. డీ3. గుర్రాన్ని తరుముతున్నాననుకుంటాడు. మీరు బిషప్ సీ5. అతను గుర్రాన్ని కొడితే బిషప్‌తో ఎఫ్2 చెక్, రాజు బిషప్‌ను కొట్టగానే మీ మంత్రి డీ1లోని మంత్రిని తీసుకుంటుంది. ఆరో ఎత్తులో డీ3 బదులు డీ4 వేసేవాడైతే జాగ్రత్తపడండి, అతను చదువుకున్నవాడు.

దారి మూడు. 5. డీ3 – బిషప్ సీ5, 6. బిషప్ ఈ2. మొదట్లో ఫోన్‌లో అడిగిన అబ్బాయి ప్రశ్న ఇలాంటి స్థితి గురించే. ఇక్కడ తక్షణం గెలిచే ఎత్తు లేదు, వెతకొద్దు. హెచ్5 వేయండి. తెల్ల క్యాస్లింగ్ చేస్తే గుర్రాన్ని జీ4కి తీసుకెళ్ళి, మంత్రిని డీ6కి తెచ్చి హెచ్2 మీద గురిపెట్టండి. అతను హెచ్3 వేసి మీ గుర్రాన్ని కొడితే మీ హెచ్ బంటు తిరిగి కొడుతుంది, హెచ్8 ఏనుగుకు రాజు దాకా దారి తెరుచుకుంటుంది.

అతను క్యాస్లింగ్ చేయకుండా సీ3, డీ4 వేస్తే? అదే మంచి జవాబు, మీ సీ5 బిషప్ వెనక్కి వెళ్ళాలి. దాన్ని బీ6కి పంపి, మంత్రిని ఈ7కి తెచ్చి ఈ4 బంటు మీద కన్నేయండి. డీ బంటు ముందుకు వెళ్ళిపోయింది కాబట్టి ఈ4కు ఇంతకుముందున్న కాపలా లేదు. సీ8 బిషప్‌ను తీసి పొడుగు క్యాస్లింగ్ (ఏ వైపు ఏనుగుతో) చేసేయండి. బంటు తక్కువే, కానీ మీ పావులన్నీ ఆటలో ఉంటాయి.

తెల్ల మూడో ఎత్తుకే ఈ5 కొట్టకపోతే స్టాఫర్డ్ లేనట్టే. గుర్రం సీ3 ఆడితే మీరూ గుర్రం సీ6 వేసి మామూలు ఆట ఆడుకోండి. నాలుగో ఎత్తులో సీ6 కొట్టకుండా గుర్రాన్ని ఎఫ్3కి వెనక్కి తీసుకుంటే మీరు ఈ4 బంటును తీసుకోండి, లెక్క సమానం.

## 6. తెల్లతో: బ్లాక్‌మర్-డీమర్, టెనిసన్

బ్లాక్‌మర్-డీమర్ మిగతా మూడింటి కంటే గట్టిది. 5 నిమిషాల ఆటలో కూడా ఆడొచ్చు.

1. డీ4 – డీ5
2. ఈ4 – బంటుతో ఈ4 కొట్టు
3. గుర్రం సీ3 – గుర్రం ఎఫ్6
4. ఎఫ్3 – బంటుతో ఎఫ్3 కొట్టు
5. గుర్రంతో ఎఫ్3 కొట్టు

దీంట్లో కంఠస్థం తక్కువ, అమరిక ఎక్కువ. రాజు వైపు బిషప్ డీ3కి లేదా సీ4కి, పొట్టి క్యాస్లింగ్, మంత్రి ఈ1కి, అక్కడి నుంచి హెచ్4కి. ఈ దారి చేతికి అలవాటు కావాలి.

• నల్ల జీ6 వేస్తే: బిషప్ సీ4, క్యాస్లింగ్, మంత్రి ఈ1, హెచ్4, ఆపై బిషప్ హెచ్6. డీ4 బంటు పోయినా వెనక్కి తిరగొద్దు.
• నల్ల ఈ6 వేస్తే: బిషప్ జీ5, బిషప్ డీ3, క్యాస్లింగ్, మంత్రి హెచ్4. గురి హెచ్7.
• నల్ల బిషప్ జీ4 వేస్తే: హెచ్3తో దాన్ని తరమండి. ఎఫ్3 కొడితే మంత్రితో తిరిగి కొట్టండి. అతను ఆశపడి డీ4 బంటు తీసుకుంటే మీ మంత్రి బీ7 కొట్టి ఏ8 ఏనుగు మీద పడుతుంది.
• నల్ల సీ6 వేస్తే: ఇదే కష్టమైనది. ఓపిగ్గా పావులన్నీ బయటికి తెచ్చాకే దాడి మొదలుపెట్టండి.

నల్ల మొదటి ఎత్తుగా గుర్రం ఎఫ్6 ఆడితే మీరు గుర్రం సీ3 వేయండి. అతను డీ5 వేస్తే ఈ4 వేసి అదే స్థితికి రావచ్చు.

1 నిమిషం ఆటలకు ఇందులోనే ఇంకా ప్రమాదకరమైన దారి ఉంది. అయిదో ఎత్తులో గుర్రంతో కాకుండా మంత్రితో ఎఫ్3 కొట్టడం. నల్ల మంత్రి డీ4 బంటునూ తీసుకుంటుంది. 6. బిషప్ ఈ3 – మంత్రి బీ4, 7. పొడుగు క్యాస్లింగ్ – బిషప్ జీ4. మీ మంత్రి, దాని వెనక ఏనుగు ఒకే దెబ్బలో పడ్డాయని నల్ల సంబరపడతాడు. 8. గుర్రం బీ5! అతను బిషప్‌తో మీ మంత్రిని తీసుకుంటే గుర్రంతో సీ7 కొట్టండి, చెక్‌మేట్. డీ1 ఏనుగు డీ ఫైలంతా కాపలా కాస్తుంది కాబట్టి రాజుకు దారి లేదు. దీన్ని హలోసర్ ట్రాప్ అంటారు. రెండు బంట్లు ఇచ్చి ఆడేది కాబట్టి 3 నిమిషాలకు మించిన ఆటలో వద్దు.

టెనిసన్ చిన్నది: 1. ఈ4 – డీ5, 2. గుర్రం ఎఫ్3 – బంటుతో ఈ4 కొట్టు, 3. గుర్రం జీ5 – గుర్రం ఎఫ్6, 4. డీ3 – బంటుతో డీ3 కొట్టు, 5. బిషప్‌తో డీ3 కొట్టు. ఇక్కడ నల్ల హెచ్6తో గుర్రాన్ని తరిమితే గుర్రంతో ఎఫ్7 కొట్టండి, రాజు దాన్ని కొట్టగానే బిషప్ జీ6 చెక్. రాజు బిషప్‌ను కొడితే మీ మంత్రి డీ8 మంత్రిని తీసుకుంటుంది. విరుగుడు మూడో ఎత్తులో నల్ల ఈ5 వేయడం. మీరు ఈ4 బంటు తీసుకుంటే అతను ఎఫ్5తో గుర్రాన్ని తరుముతాడు, మధ్యలో బంట్లన్నీ అతనివే. అది చూసినవాడి మీద టెనిసన్ మళ్ళీ ఆడొద్దు.

## 7. గడియారం ప్లాన్

ఇది చాలామంది అసలు సిద్ధం చేసుకోరు. బంటు ఇచ్చి కొన్న టైమ్‌ను మీరే ఖర్చు చేసేస్తే గ్యాంబిట్ ఎందుకు?

3 నిమిషాల ఆటకు నేను పాటించే కొలతలు:

• మొదటి ఆరు ఎత్తులు: మొత్తం 10 సెకన్లు దాటకూడదు.
• ప్రత్యర్థి మీకు తెలిసిన దారి నుంచి బయటికి వెళ్ళిన మొదటి ఎత్తు: ఇక్కడ 15 నుంచి 20 సెకన్లు కూర్చోండి. ఆటంతటిలో ఇంత సేపు ఆలోచించేది ఇక్కడ ఒక్కసారే.
• పదిహేనో ఎత్తు నాటికి: మీ గడియారంలో అతని కంటే కనీసం 30 సెకన్లు ఎక్కువ ఉండాలి. లేకపోతే దాడి కన్నా పావుల భద్రత ముఖ్యం.
• అతని దగ్గర 20 సెకన్లు మిగిలితే: మేట్ వెతకడం ఆపండి. ప్రతి ఎత్తులో అతను జవాబు చెప్పాల్సిన చిన్న బెదిరింపు చాలు. మంత్రి మీద దాడి, ఏనుగు మీద దాడి, ఒక చెక్.

మా ప్రకాశం జిల్లాలో ఎద్దుల బండలాగుడు చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఇచ్చిన నిమిషాల్లో బండ ఎంత దూరం కదిలిందన్నదే లెక్క. కదులుతున్నంత సేపు నడుస్తుంది, మధ్యలో జత ఆగిందంటే మళ్ళీ కదిలించడానికే సగం బలం పోతుంది. గ్యాంబిట్ దాడి కూడా అంతే. బెదిరింపు లేని రెండు ఎత్తులు వరుసగా వేశారంటే ప్రత్యర్థి క్యాస్లింగ్ చేసేసుకుంటాడు, మీకు బంటు తక్కువగా మిగులుతుంది.

ఫోన్‌లో ఆడేవాళ్ళకు ఒక మాట: రైల్లో ఆడొద్దు. పినాకినిలో నెల్లూరు వెళ్తూ ఆడి, కావలి దగ్గర సిగ్నల్ పోయి, గెలిచే స్థితిలో టైమ్ అయిపోయిన ఆటలు నావే మూడున్నాయి. నెట్ తెగినా గడియారం ఆగదు.

## 8. అవతలివాళ్ళు ఎర తినకపోతే

గాలం వేసిన ప్రతిసారీ చేప పడదు. ఎర మాత్రం పోతుంది, అది మీ బంటు. ఆ క్షణంలో చేయాల్సినవి వరుసగా:

1. ఊపిరి పీల్చుకుని బోర్డు మొత్తం ఒకసారి చూడండి. నా మంత్రికి, రాజుకు ప్రమాదం ఉందా?
2. మంత్రుల మార్పిడికి ఒప్పుకోవద్దు. బంటు తక్కువ ఉన్నప్పుడు మంత్రులు పోతే మీ ఆశ సగం పోయినట్టే. ఒక్కోసారి గడి వెనక్కి తగ్గినా సరే, మంత్రిని ఉంచుకోండి.
3. ఇంకా బయటికి రాని పావును తీయండి. దాడిలో ఉన్న పావునే మళ్ళీ మళ్ళీ కదపొద్దు.
4. ప్రత్యర్థి పొట్టివైపు క్యాస్లింగ్ చేస్తే మీరు వీలైతే పొడుగు వైపు చేయండి. అప్పుడు మీ హెచ్, జీ బంట్లను నిర్భయంగా ముందుకు తోయొచ్చు.
5. బంట్లను మార్చుకోవచ్చు, పావులను మార్చుకోవద్దు. బంట్లు తగ్గేకొద్దీ ఎండ్‌గేమ్‌లో డ్రా అవకాశం పెరుగుతుంది.
6. రెండో బంటు ఇవ్వాలనిపిస్తే ఆగండి. దానికి బదులుగా ఏ పావు ఏ గడికి వెళ్తుందో వేలు పెట్టి చూపించగలిగితేనే ఇవ్వండి.

అయిదో మాట చాలామంది మర్చిపోతారు. బంటు తక్కువగా ఉన్న ఏనుగుల ఎండ్‌గేమ్‌లో డ్రా చేసుకోవడం నేర్చుకుంటే, ఈ గ్యాంబిట్లలో మీ ఓటములు నిజంగా తగ్గుతాయి.

## 9. తరచూ చేసే తప్పులు, సరిదిద్దుకోవడం

ఉచ్చు కోసం చెడ్డ ఎత్తు వేయడం. అతను తప్పు చేస్తేనే పనికొచ్చే ఎత్తు, చేయకపోతే మీ పావును చెడ్డ గడిలో వదిలేస్తుంది. ప్రతి ఎత్తుకు ముందు "అతను సరిగ్గా ఆడితే ఈ పావు ఇక్కడ బాగుంటుందా?" అని అడగండి. ఎంగ్లుండ్‌లో బీ2కి వెళ్ళే మంత్రి విషయంలో ఈ ప్రశ్న తప్పనిసరి.

ఒకే ప్రత్యర్థితో వరుసగా మూడు ఆటల్లో అదే గ్యాంబిట్. రెండో ఆటకే అతను చూసుకుని వస్తాడు. ఒకసారి గెలిస్తే మారండి.

గెలిచాక నిర్లక్ష్యం. మంత్రి దొరికింది కదా అని దాడి కొనసాగిస్తారు. మంత్రి దొరికాక మీ పని పావులు మార్చుకుని ఆట ముగించడమే. అప్పటిదాకా మార్పిడి వద్దన్న నియమం ఇక్కడి నుంచి తిరగబడుతుంది.

ఓడిన ఆట చూడకపోవడం. కొత్త ఆట నొక్కే ముందు ఒక్క నిమిషం, ఎక్కడ తెలిసిన దారి పోయిందో చూసి నోట్‌బుక్‌లో ఒక గీత రాయండి.

## 10. బోర్డు మీద ఆడేటప్పుడు

ఫోన్ వేగం బోర్డు మీద పనికిరాదు. ఇవి గుర్తుంచుకోండి:

• పావు కదిపిన చేత్తోనే గడియారం నొక్కాలి.
• క్యాస్లింగ్‌లో ముందు రాజును పట్టుకోవాలి, తర్వాత ఏనుగును, అదే చేత్తో.
• ముట్టుకున్న పావు ఆడాల్సిందే.
• ఫిడే బ్లిట్జ్‌లో చెల్లని ఎత్తు వేసి గడియారం నొక్కితే ప్రత్యర్థికి 1 నిమిషం అదనం. రెండోసారి అదే చేస్తే ఆట పోతుంది.

రెండోది నాకు ఖరీదైన పాఠం. ఒక ఓపెన్ టోర్నమెంట్‌లో స్టాఫర్డ్ బాగా నడుస్తోంది, పొడుగు క్యాస్లింగ్ చేస్తే దాడి పూర్తవుతుంది. తొందరలో ముందు ఏ8 ఏనుగును పట్టుకున్నాను. క్యాస్లింగ్ చెల్లదు, ఏనుగే కదపాలి. రాజు మధ్యలో నిలబడిపోయాడు, పదెత్తుల్లో ఓడిపోయాను. అప్పటి నుంచి ఇంట్లో బోర్డు మీద రోజూ పదిసార్లు క్యాస్లింగ్ చేసి గడియారం నొక్కడం ప్రాక్టీస్ చేస్తున్నాను.

## 11. రెండు వారాల సాధన

మొదటి మూడు రోజులు ఆడొద్దు. ఒక్క గ్యాంబిట్ తీసుకుని, విరుగుడు వరుస, మూడు సాధారణ జవాబులు బోర్డు మీద చేత్తో కదుపుతూ చూడండి. స్క్రీన్ మీద చూసింది చేతికి ఎక్కదు.

నాలుగు నుంచి ఏడో రోజు వరకు: రోజుకు ఐదు ఆటలు, 3 నిమిషాలవి. వీటితోపాటు లిచెస్ పజిల్స్‌లో ఎఫ్2, ఎఫ్7 మీద దాడి అనే విభాగం నుంచి రోజుకు పది. అక్కడే ఓపెనింగ్ వారీగా కూడా పజిల్స్ దొరుకుతాయి.

రెండో వారం: స్నేహితుణ్ణి కూర్చోబెట్టి, అతనికి విరుగుడు ముందే చెప్పి ఆడండి. మా బంకు దగ్గర ఇదే అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది. విరుగుడు తెలిసినవాడి మీద కూడా నిలబడగలిగితే బయట భయం ఉండదు.

ఆట మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి:

☐ ఈ టైమ్ కంట్రోల్‌కు ఈ గ్యాంబిట్ సరిపోతుందా?
☐ విరుగుడు వరుసలో నా ఐదు ఎత్తులు గుర్తున్నాయా?
☐ ప్రీమూవ్ ఏ ఎత్తు దగ్గర ఆపాలో తెలుసా?
☐ ఈ ప్రత్యర్థి మీద ఇంతకుముందు ఇదే ఆడానా?
☐ నెట్, చార్జింగ్ బాగున్నాయా?

నోట్‌బుక్‌లో ప్రతి గ్యాంబిట్‌కూ ఒక పేజీ పెట్టి, ఇరవై ఆటల తర్వాత లెక్క చూడండి. గెలుపోటములతో పాటు, ప్రత్యర్థి ఎన్నిసార్లు విరుగుడు ఆడాడో కూడా వేరుగా రాయండి. ఇరవైలో సగానికి పైగా విరుగుడే వస్తుంటే మీ రేటింగ్ ఆ గ్యాంబిట్‌ను దాటిపోయింది. ఎంగ్లుండ్ స్థానంలో బుడాపెస్ట్ (1. డీ4 – గుర్రం ఎఫ్6, 2. సీ4 – ఈ5), టెనిసన్ స్థానంలో డేనిష్ (1. ఈ4 – ఈ5, 2. డీ4 – బంటుతో డీ4 కొట్టు, 3. సీ3) పెట్టుకుని, మళ్ళీ మూడో విభాగం నుంచి మొదలుపెట్టండి.